హెపటైటిస్-సి: మందు అయిపోయాక పన్నెండు వారాలు



విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నం నుంచి 30వ నంబరు జాతీయ రహదారి పట్టుకుని ఉత్తరంగా వెళ్తే కొత్తగూడెం, భద్రాచలం, కుంట, జగదల్‌పూర్, కాంకేర్, ధమ్‌తరి దాటి, రాయ్‌పూర్ ఇంకో 30 కిలోమీటర్లు ఉందనగా అభన్‌పూర్ అనే చిన్న పట్టణం వస్తుంది. ధమ్‌తరికి, రాజిమ్‌కు పోయే న్యారోగేజి రైళ్ళు పూర్వం ఇక్కడే విడిపోయేవి. 2025 మార్చి 30న రాయ్‌పూర్ నుంచి ఇక్కడికి పెద్ద లైను మీద మెమూ రైలు మొదలైంది. చుట్టూ వరి పొలాలు, రైస్ మిల్లులు. మన పాఠానికి ఈ ఊరిని ఎందుకు ఎంచుకున్నానో చివరికి వచ్చేసరికి మీకే అర్థమవుతుంది.

ఆ ఊళ్ళో ఒక మనిషిని ఊహించుకుందాం. నిజంగా ఉన్న మనిషి కాదు, పాఠం కోసం కల్పించుకున్నవాడు. రైస్ మిల్లులో హమాలీ, వయసు 38. రక్తం ఇవ్వడానికి వెళ్తే హెపటైటిస్-సి బయటపడింది. 84 రోజులపాటు మాత్రలు వేసుకున్నాడు. ఆఖరి రోజున పరీక్ష చేస్తే రక్తంలో వైరస్ కనబడలేదు. ఇంట్లో కొబ్బరికాయ కొట్టారు. కొన్ని నెలల తరవాత ఏదో పనిమీద మరో చోట రక్తపరీక్ష చేయించుకుంటే 'హెపటైటిస్-సి పాజిటివ్' అని కాగితం చేతిలో పెట్టారు. టైఫాయిడ్ విషయంలో మనవాళ్ళు 'తిరగబెట్టింది' అంటారు చూడండి, ఇదీ అలాగే తిరగబెట్టిందా?

ఆ కాగితం మీద ఏ పరీక్ష పేరు రాసి ఉందో చూడకుండా ఎవరూ జవాబు చెప్పలేరు. చాలామంది చదువుకున్నవాళ్ళు కూడా ఇక్కడే పొరబడతారు.

హెపటైటిస్-సి వైరస్ కాలేయ కణాల్లో పెరుగుతుంది. అది శరీరంలోకి ప్రవేశించాక మన రక్షణ వ్యవస్థ దానికి ప్రతిగా యాంటీబాడీలను, అంటే ప్రతిరక్షకాలను తయారుచేస్తుంది. ఐదు పది నిమిషాల్లో గీత పడే కార్డు పరీక్ష పట్టుకునేది ఈ ప్రతిరక్షకాలనే. అంటే అది అడిగే ప్రశ్న 'ఈ వైరస్ ఎప్పుడైనా వచ్చి వెళ్ళిందా?' అని మాత్రమే. గాయం మానినా మచ్చ ఉన్నట్టు, వైరస్ పూర్తిగా పోయినా ప్రతిరక్షకాలు ఏళ్ళ తరబడి, తరచుగా జీవితాంతం ఉండిపోతాయి. మన హమాలీ చేతిలో ఉన్నది కార్డు పరీక్ష కాగితమైతే, అది మచ్చను చూసి గాయం అన్నట్టే. దాన్ని బట్టి భయపడవలసింది ఏమీ లేదు.

రెండో పరీక్ష ఆర్‌ఎన్‌ఏ పరీక్ష. ఈ వైరస్ జన్యు పదార్థం ఒకే పోగు ఆర్‌ఎన్‌ఏ, దాదాపు 9,600 అక్షరాల పొడవు. ఆ పోగును యంత్రంలో అనేక రెట్లు చేసి లెక్కిస్తారు. ఇది అడిగే ప్రశ్న 'వైరస్ ఇప్పుడు రక్తంలో ఉందా, ఉంటే ఎంత?' అని. మూడో పరీక్ష మనందరికీ తెలిసిన ఎస్‌జీపీటీ. కాలేయ కణాలు దెబ్బతింటే రక్తంలోకి జారే ఎంజైమును అది కొలుస్తుంది. ఎంజైము మామూలుగా ఉన్నా వైరస్ నిక్షేపంగా ఉండవచ్చు. కామెర్ల సంగతీ అంతే. కళ్ళ పచ్చదనం పోయింది కాబట్టి రోగం పోయిందనుకోవడం మన పల్లెల్లో ఉన్న అలవాటు. నీటితో వచ్చే హెపటైటిస్-ఎ, హెపటైటిస్-ఇ సాధారణంగా వాటంతటవే తగ్గుతాయి. ఆ ఖ్యాతి పసరు మందు ఇచ్చినవారికి దక్కుతుంది. హెపటైటిస్-సి సోకిన వారిలో చాలామందికి అసలు కామెర్లే రావు. వచ్చి తగ్గినా వైరస్ లోపల ఇరవై, ముప్ఫై ఏళ్ళు పనిచేసుకుంటూ పోయి కాలేయాన్ని గట్టిపడేలా చేయవచ్చు. దాన్నే సిరోసిస్ అంటారు. కొందరిలో అది క్యాన్సర్ దాకా వెళ్తుంది.

ఎంజైమును చూసి నయమైందనుకున్న రోజులు వైద్యశాస్త్రంలోనూ ఉన్నాయి. 1975లో అమెరికాలో రక్తం ఎక్కించుకున్నవారికి వచ్చిన హెపటైటిస్‌లో ఎ వైరస్ గాని, బి వైరస్ గాని దొరకని కేసులు ఉన్నాయని తేలింది. హార్వీ ఆల్టర్, ఆయన సహచరులు దానికి 'ఎ కాదు, బి కాదు' అనే అర్థం వచ్చే పేరే పెట్టి ఊరుకోవలసివచ్చింది. 1989లో మైకేల్ హౌటన్, క్వీ-లిమ్ చూ, జార్జ్ కువో బృందం వైరస్‌ను సూక్ష్మదర్శినిలో చూడకముందే దాని జన్యు ముక్కను పట్టుకున్నారు. ఆల్టర్, హౌటన్, చార్లెస్ రైస్‌లకు 2020లో నోబెల్ బహుమతి వచ్చింది. ఒక చిన్న విషయం: చూ, కువోలను కలుపుకోలేదని హౌటన్ 2013లో కెనడావారి గైర్డ్‌నర్ అవార్డును వద్దన్నారు. పరిశోధన ఒక్కరి చేతిమీద జరగదని మీకు చెప్పడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

అదే 1989లో ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్ల మీద జరిగిన పరీక్షల ఫలితాలు అచ్చయ్యాయి. నూటికి పైగా రోగులను తీసుకున్న ఒక పరీక్షలో ఆరు నెలల చికిత్సకు దాదాపు సగం మందిలో ఎంజైములు దారికొచ్చాయి. మందు ఆపిన ఆరు నెలల్లో వారిలో మళ్ళీ సగం మందికి రోగం తిరగబెట్టింది. 'నయమైంది' అనే మాటకు కొత్త నిర్వచనం కావాలని వైద్యులకు అప్పుడు తెలిసివచ్చింది. మందు నడుస్తుండగా వైరస్ కనబడకపోతే అది మందు అణచిపెట్టడం కావచ్చు. మందు ఆపాక కూడా కనబడకుండా ఉంటేనే పోయినట్టు. ఎన్నాళ్ళు చూడాలి? మొదట్లో 24 వారాలు చూశారు. తరవాత 12 వారాలకు లేనివారిలో 24 వారాలకూ దాదాపు అందరిలో ఉండదని తేలడంతో 12 వారాలు చాలన్నారు. ఈ దశ దాటినవారిలో నూటికి 99 మందికి పైగా మళ్ళీ ఆ వైరస్ రాదు.

ఆఖరి రోజు పరీక్షలో కనబడకపోతే ఎందుకు చాలదో లెక్క వేసి చూద్దాం, కాగితం తీసుకోండి. ఆర్‌ఎన్‌ఏ యంత్రాల్లో చాలావాటి హద్దు మిల్లీలీటరుకు 15 యూనిట్ల ప్రాంతంలో ఉంటుంది. పెద్దవాళ్ళ శరీరంలో రక్తపు ద్రవభాగం, అంటే ప్లాస్మా, సుమారు 3 లీటర్లు, అనగా 3,000 మిల్లీలీటర్లు. మిల్లీలీటరుకు 10 యూనిట్ల చొప్పున ఉన్నాయనుకుంటే మొత్తం 30,000 యూనిట్లు ఉంటాయి. అయినా యంత్రం 'కనబడలేదు' అనవచ్చు. పైగా ఇది రక్తం లెక్క మాత్రమే. కాలేయ కణాల్లో ఉన్నది ఇందులో లేదు.

ఇప్పుడు మందు ఆపిన రోజున ప్లాస్మా మొత్తంలో 10 యూనిట్లే మిగిలాయని, రోజుకు రెట్టింపు అవుతున్నాయని అనుకుందాం. ఇది ఊహ మాత్రమే, అసలు వేగం మనిషిని బట్టి మారుతుంది. 10 రోజులకు 10,240 యూనిట్లు. 3,000తో భాగిస్తే మిల్లీలీటరుకు మూడున్నర లోపు. యంత్రానికి ఇంకా కనబడదు. 13వ రోజుకు 81,920, అంటే మిల్లీలీటరుకు 27. ఇప్పుడు కనబడుతుంది. 20వ రోజుకు కోటి దాటుతుంది, మిల్లీలీటరుకు దాదాపు 3,500. కొద్దిగా మిగిలినా సరే, వారాల్లోనే బయటపడిపోతుందన్నమాట. నెమ్మదిగా పెరిగే సందర్భాలకూ చోటు ఉంచి 12 వారాలు పెట్టుకున్నారు.

మరి ఈ వైరస్ కణాల్లో ఏళ్ళ తరబడి దాక్కుని ఉండలేదా? హెచ్‌ఐవీ మన డీఎన్‌ఏలో తన డీఎన్‌ఏను అతికిస్తుంది. హెపటైటిస్-బి వైరస్ కాలేయ కణ కేంద్రకంలో గుండ్రని డీఎన్‌ఏగా మకాం వేస్తుంది. అందుకే వాటిని పూర్తిగా తుడిచిపెట్టడం కష్టం. హెపటైటిస్-సికి డీఎన్‌ఏ దశే లేదు, కేంద్రకంలోకి వెళ్ళే పనీ లేదు. ఆర్‌ఎన్‌ఏ నుంచి ఆర్‌ఎన్‌ఏగా నకలు తీసుకుంటూ ఉండాలి. నకలు ఆగితే అంతరిస్తుంది. రోగి శరీరంలో రోజుకు లక్ష కోట్ల వైరస్ కణాలు పుడతాయని, రక్తంలో ఒక్కో కణం సగటు ఆయువు కొన్ని గంటలేనని 1998లో లెక్కగట్టారు. అంత ఉరుకుల మీద బతికేదాన్ని నకలు తీయకుండా ఆపడమే కొత్త మందులు చేసే పని. మైకేల్ సోఫియా బృందం తయారుచేసిన సోఫోస్‌బువిర్ వైరస్ అల్లుకునే పోగులో తప్పుడు పూసలా చేరి అల్లికను అక్కడికక్కడే ఆపేస్తుంది. 2013 డిసెంబరులో అమెరికాలో అనుమతి వచ్చినప్పుడు 12 వారాల మందు ధర 84,000 డాలర్లు, మాత్ర ఒక్కింటికి 1,000 డాలర్లు. 2014లో భారతీయ కంపెనీలకు లైసెన్సులు ఇచ్చినప్పుడు వాటిలో హైదరాబాదుకు చెందిన హెటెరో ఉంది. పేటెంటును ప్రతిఘటించిన హైదరాబాదు కంపెనీ నాట్కో కూడా 2015లో లైసెన్సు తీసుకుంది. ధర ఎన్నో రెట్లు పడిపోయింది. 2018 జూలై 28న జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం మొదలయ్యాక ప్రభుత్వ కేంద్రాల్లో పరీక్షలూ మందులూ ఉచితం. సిరోసిస్ లేనివారికి సోఫోస్‌బువిర్‌తో డాక్లటాస్‌విర్, ఉన్నవారికి సోఫోస్‌బువిర్‌తో వెల్‌పటాస్‌విర్, 84 రోజులు. సిరోసిస్ ముదిరినవారికి రిబావిరిన్ కూడా కలుపుతారు, లేదా గడువు రెట్టిస్తారు. అంతకు రెండేళ్ళ ముందే, 2016లో, పంజాబ్ ప్రభుత్వం ఇలాంటి ఉచిత చికిత్స మొదలుపెట్టింది. అక్కడ 12 వారాల పరీక్షకు వచ్చినవారిలో నూటికి 90 మందికి పైగా నయమైనట్టు తేలింది. 'పరీక్షకు వచ్చినవారిలో' అన్న మాటను గుర్తుపెట్టుకోండి, దాని దగ్గరికి మళ్ళీ వస్తాను.

12 వారాలకు ఆర్‌ఎన్‌ఏ కనబడితే అది పాత వైరస్ తిరగబెట్టడం. మనదేశంలో ఎక్కువగా ఉండే 3వ జన్యురకం వైరస్ విషయంలో, అందులోనూ సిరోసిస్ ఉన్నవారిలో, ఇది కాస్త ఎక్కువ. అంతమాత్రాన దారి మూసుకుపోదు. మందుల కలయిక మార్చి, గడువు పెంచి మళ్ళీ చికిత్స చేస్తారు. 12 వారాలకు లేకుండా, రెండేళ్ళకు కనబడితే? అది చాలావరకు కొత్తగా సోకినది. పాత నమూనా, కొత్త నమూనా జన్యు అక్షరాలను పోల్చి ఏదో తేల్చవచ్చు. ఒకసారి వచ్చి పోతే మళ్ళీ రాదనే భరోసా ఈ వ్యాధికి లేదు. ఒకసారి సోకి కోలుకున్న చింపాంజీలకు వైరస్‌ను మళ్ళీ ఎక్కిస్తే మళ్ళీ సోకిందని 1992లోనే చూపారు. టీకా ఇప్పటికీ లేదు. హైదరాబాదులో శాంతా బయోటెక్నిక్స్ 1997లో తెచ్చిన టీకా హెపటైటిస్-బికి. ఈ రెంటినీ కలిపేసుకోకండి.

కొత్తగా ఎలా సోకుతుంది? రక్తం నుంచి రక్తానికి. ఒకరికి వాడిన సూదిని ఇంకొకరికి గుచ్చడం, పరీక్షించని రక్తం, సరిగా శుభ్రం చేయని పరికరాలు, మంగలి షాపులో మార్చని బ్లేడు. అభన్‌పూర్ నుంచి తూర్పుగా కొద్ది దూరంలో మహానది ఒడ్డున రాజిమ్ ఉంది. మాఘ పౌర్ణమి నుంచి శివరాత్రి దాకా అక్కడ పెద్ద జాతర. ఛత్తీస్‌గఢ్‌లో పచ్చబొట్టును గోద్నా అంటారు, తరతరాల సంప్రదాయం. పచ్చబొట్టులో తప్పు లేదు. జాతరలో వందమందికి ఒకే సూది, ఒకే రంగు గిన్నె వాడితే మాత్రం ప్రమాదం. సూది కొత్తదా అని అడగడానికి సిగ్గుపడనక్కర్లేదు.

డయాలసిస్ మీద ఉన్నవారి సంగతి వేరుగా చెప్పాలి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, అభన్‌పూర్ మీదుగా వెళ్ళే గరియాబంద్ జిల్లాలోని సూపేబేడాలో కిడ్నీ జబ్బులు ఎంతమందిని పట్టుకున్నాయో మీరు వార్తల్లో చదివే ఉంటారు. వారానికి రెండు మూడుసార్లు రక్తం యంత్రం గుండా తిరిగేవారికి, కేంద్రంలో శుభ్రత లోపిస్తే, నయమైన వైరస్ మళ్ళీ సోకే అవకాశం ఉంటుంది. వారికి ప్రతి ఆరు నెలలకూ ఆర్‌ఎన్‌ఏ పరీక్ష చేయాలంటారు. కార్డు పరీక్ష వారికి పనికిరాదు, ఒకసారి పాజిటివ్ అయితే అది అలాగే చూపుతుంది.

ఇక పని మాట. పాతకాలపు చికిత్సలో ఇది నిజంగా పెద్ద ప్రశ్న. వారానికోసారి పెగిలేటెడ్ ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షను, రోజూ రిబావిరిన్, 24 లేదా 48 వారాలు. ఇంజెక్షన్ వేసిన రాత్రి చలిజ్వరం, ఒళ్ళునొప్పులు. ఆదివారం విశ్రాంతి దొరుకుతుందని శనివారం రాత్రి వేయించుకున్న ఉద్యోగులు ఉన్నారు. నెలల తరబడి నీరసం, నిద్రలేమి, కొందరికి తీవ్రమైన మానసిక కుంగుబాటు. రిబావిరిన్ ఎర్ర రక్తకణాలను పగలగొట్టి హిమోగ్లోబిన్ తగ్గిస్తుంది. బస్తాలు మోసేవాడికి ఇది మాటలతో పోయే విషయం కాదు. ఛత్తీస్‌గఢ్‌లో మరో చిక్కుంది. అక్కడ సికిల్ సెల్ వ్యాధి, అంటే ఎర్ర కణాలు కొడవలి ఆకారంలోకి వంగిపోయే జబ్బు, ఎక్కువ. దానికోసం రాయ్‌పూర్‌లో ప్రత్యేక సంస్థే ఉంది. ఆ రోగులకు రక్తం ఎక్కించవలసిన సందర్భాలు వస్తాయి. రక్తంలో హెపటైటిస్-సి పరీక్ష తప్పనిసరి కాకముందు ఎక్కించుకున్నవారికి వైరస్ సోకే ప్రమాదం ఉండేది. దానికి ఇచ్చే రిబావిరినేమో అసలే తక్కువగా ఉన్న ఎర్ర కణాలను పగలగొట్టేది. రిబావిరిన్ లేని చికిత్స రావడం వల్ల అందరికంటే ఎక్కువ మేలు పొందినవారిలో వీరున్నారు.

ఇప్పటి మాత్రలతో తలనొప్పి, కొంచెం అలసట తప్ప పెద్ద బాధలు అరుదు. సిరోసిస్ లేని మనిషి మిల్లు పని గాని, లారీ నడపడం గాని, బడిలో పాఠం చెప్పడం గాని మానుకోనక్కర్లేదు. వంటమనిషి వంట మానక్కర్లేదు. కలిసి తినడం, చేతులు కలపడం, దగ్గు, ఒకే గ్లాసు, ఒకే మరుగుదొడ్డి, వీటివల్ల ఇది అంటదు. యజమాని పనిలోంచి తీసేస్తే దానికి వైద్యశాస్త్రంలో ఆధారం లేదు. నిజానికి, పని పోతుందన్న భయంతో రోగాన్ని దాచిపెట్టి మాత్రలు మానేసేవారివల్లే నష్టం ఎక్కువని నా అభిప్రాయం.

పనిచేస్తూ మందు వాడేవారు చూసుకోవలసినవి కొన్నున్నాయి. మాత్ర రోజూ ఒకే వేళకు పడాలి. రాత్రి షిఫ్టు, పగలు షిఫ్టు మారేవాళ్ళు భోజనం డబ్బాతోపాటు పెట్టుకుంటే మరిచిపోరు. కారం తిని కడుపు మండిందని మందుల షాపులో గ్యాస్ బిళ్ల కొని వేసుకోవడం మనకు మామూలు. ఒమిప్రజోల్ వంటివి కడుపులో ఆమ్లాన్ని తగ్గిస్తాయి, వెల్‌పటాస్‌విర్ ఒంటబట్టడానికి ఆ ఆమ్లం కావాలి. అంటే గ్యాస్ బిళ్ల మీద గ్యాస్ బిళ్ల వేసుకుంటే అసలు మందు నీరుగారుతుంది, వైరస్ తిరగబెట్టడానికి సందు దొరుకుతుంది. క్షయకు ఇచ్చే రిఫాంపిసిన్, మూర్ఛకు ఇచ్చే ఫెనిటాయిన్, కార్బమజెపైన్ కూడా ఈ మందుల మోతాదును రక్తంలో తగ్గించేస్తాయి. గుండె లయకు వాడే అమియోడరోన్‌తో సోఫోస్‌బువిర్ కలిస్తే గుండె ప్రమాదకరంగా నెమ్మదిస్తుంది. హెపటైటిస్-బి కూడా ఉన్నవారిలో, సి అణగగానే బి లేవడం చూసి 2016లో అమెరికా ఔషధ సంస్థ హెచ్చరిక జారీచేసింది. అందుకే మొదలుపెట్టేముందే బి పరీక్ష కూడా చేస్తారు. ఇప్పసారా అయినా, సీసాలో సారా అయినా, దెబ్బతిన్న కాలేయానికి ఒకటే.

ఇప్పుడు మన హమాలీ క్యాలెండరు తీద్దాం. జూన్ 1న మొదటి మాత్ర వేసుకున్నాడనుకోండి. జూన్‌లో 30, జూలైలో 31, ఆగస్టు 23న 84వది. అక్కడినుంచి 12 వారాలు లెక్కపెడితే నవంబరు 15. ఛత్తీస్‌గఢ్‌లో నవంబరు అంటే కోతలు, ప్రభుత్వ ధాన్యం కొనుగోళ్ళు. మిల్లు ముందు లారీలు బారులు తీరి ఉంటాయి. ఏడాది మొత్తంలో హమాలీకి కూలి గిట్టే రోజులు అవే. ఒంట్లో ఏ బాధా లేదు, మందు అయిపోయి మూడు నెలలయింది, ఆఖరి పరీక్షలో 'కనబడలేదు' అని రాశారు. ఒక్క సీసా రక్తం ఇవ్వడానికి రాయ్‌పూర్ వెళ్ళి ఒక రోజు కూలి ఎవడు పోగొట్టుకుంటాడు? పంజాబ్ లెక్కలో గుర్తుపెట్టుకోమన్న మాట ఇక్కడికే వస్తుంది. రాని మనిషికి నయమైందో, తిరగబెట్టిందో ఎవరికీ తెలియదు, అతనికి కూడా.

దీనికి మార్గం ఉంది. నియమం చెప్పేది 12 వారాలకు ముందు చేయకూడదనే. తరవాత చేస్తే ఫలితం చెల్లదని కాదు. నవంబరు 15న కుదరనివాడు జనవరిలో వెళ్ళినా జవాబు అదే వస్తుంది. కాబట్టి మాత్రల చివరి డబ్బా ఇచ్చేటప్పుడే తేదీ ఒకటి కాకుండా రెండు రాసి ఇవ్వడం మేలు: ఒకటి నవంబరు 15, రెండోది మిల్లు సందడి తగ్గాక వచ్చే ఏదైనా సోమవారం. ఆ చీటీ మీద పరీక్ష పేరు 'ఆర్‌ఎన్‌ఏ' అని స్పష్టంగా ఉండాలి. లేకపోతే దగ్గర్లోని ల్యాబులో కార్డు పరీక్ష చేసి, మళ్ళీ అదే 'పాజిటివ్' కాగితం చేతిలో పెడతారు.